‘మా’ అనవలసిన చోట

వంటగది బల్ల దగ్గర్నుంచి,
ఆపరేషన్ అయిన ఏడో వారం, సోమవారం

వదినగారికి,

ప్రభువు దయవల్ల ఇద్దరం లేచి తిరుగుతున్నాం. మీరు అడగబోయేవాటికి ముందే జవాబులు రాసేస్తాను, లేకపోతే తిరుగు టపాలో చీవాట్లు పడతాయి. మీ తమ్ముడి మెడ మీద, స్వరపేటిక తీసేసిన చోట గాయం మానింది. ఊపిరి మాత్రం ఇక ఎప్పటికీ మెడ దగ్గర పెట్టిన ఆ చిన్న రంధ్రంలోంచే. దాని మీద పల్చటి గుడ్డ కడుతున్నాను, రోజుకి రెండుసార్లు మారుస్తున్నాను. మీరు కుట్టి పంపిన డజను గుడ్డలూ బాగా పనికొస్తున్నాయి. అంచులు గుచ్చుకోవడం లేదని ఆయన బోర్డు మీద రాశారు.

బోర్డు అంటే, మొదట పలక కొన్నాం. సుద్దపొడి ఆ రంధ్రంలోకి పోతే ఇంకేమైనా ఉందా అని డాక్టరమ్మ కేకలేసింది. దాంతో చిన్న తెల్లబోర్డు, తుడిస్తే పోయే పెన్ను కొన్నాం. ఇప్పుడు ఆయన మాటలన్నీ దాని మీదే. రాస్తారు, చూపిస్తారు, తుడిచేస్తారు.

పోయిన వారం నుంచి ప్రెస్సుకి వెళ్తున్నారు, మధ్యాహ్నం దాకా. ప్రూఫులు దిద్దడానికి గొంతెందుకు, మీరు వచ్చెయ్యండి అన్నాడట యజమాని. దయతోనే అన్నాడు. ఆయన మాత్రం ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అసలు రాయాలనుకున్నది ఇది కాదు వదినా. మా ఇంట్లో సాయంత్రం ఏడు గంటల సంగతి మీకు తెలుసు. పెళ్లయిన మర్నాటి నుంచి ఇరవై ఆరేళ్లుగా అది తప్పింది లేదు. ఆయన కిటికీ పక్క కుర్చీలో, నేను బల్లకి ఇవతల పీట మీద. ఆయన ప్రార్థన చేసేవారు. ఎంత చక్కగా చేసేవారో మీకు నేను చెప్పాలా! ఒక మాట ఎక్కువ కాదు, ఒక మాట తక్కువ కాదు. చివర నేను ఆమెన్ అనేదాన్ని. నా వంతు ఆ ఒక్క మాటే.

ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి సాయంత్రం ఎప్పటిలాగే కూర్చున్నాం. ఆయన "నువ్వు చెయ్యి" అని రాసి కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. "ప్రభువా" అన్నాను. తర్వాత ఏమీ రాలేదు వదినా. కుళాయి చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. దుకాణం దాకా వెళ్లి, ఏం కొనడానికి వచ్చానో మర్చిపోయినదానిలా ఉండిపోయాను. ఎంతసేపైందో తెలీదు, కళ్లు తెరిచేసరికి ఆయన నన్నే చూస్తున్నారు. నాకు అలవాటైన మాట ఒకటే కదా, "ఆమెన్" అన్నాను. ఆయన లేచి వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

ఆ రోజు నుంచి ఏడు కొట్టేసరికి ఆ గదిలోకి వెళ్లిపోతున్నారు. సంఘ పెద్దగా ఇక ఉండనని పాస్టరుగారికి కాగితం రాసిచ్చారు. ఎందుకండీ అంటే బోర్డు మీద ఇలా రాశారు: "నా గొంతు దేవుడికి అక్కర్లేకపోయింది. అక్కర్లేదన్నవాళ్ల గుమ్మం ముందు రోజూ నిలబడటం ఎందుకు?" నేను చదివాక తుడిచేశారు. నాకు మాత్రం ఇంకా కనపడుతూనే ఉంది.

ఆయన మెడలో మళ్లీ ఏమైనా పెరుగుతోందేమో అని మూడు నెలలకి పరీక్ష చేస్తారట. నాకు ఆ భయం కన్నా ఈ భయం ఎక్కువగా ఉంది. ఈ మనిషి దేవుణ్ణి వదిలేస్తే నేను ఎవరి వెనక నడవాలి? మీరు పదిమందిలో ప్రార్థన చెయ్యగలిగినవారు. నాకోసం ఒక ప్రార్థన రాసి పంపండి. బట్టీ పట్టి చెబుతాను.

మీ మరదలు


కుట్టుగదిలో, మిషను పక్కన,
శుక్రవారం

గువ్వా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను, ఆ తర్వాత ఒక పెళ్లికూతురి గౌను నడుము అరంగుళం ఎక్కువ బిగించేశాను. ఆ అమ్మాయికి పెళ్లిలో ఊపిరాడకపోతే ఆ పాపం నీదే.

ప్రార్థన రాసి పంపను. నా కొలతలకి కుట్టుకున్నది నీకు తొడిగితే ఎలా ఉంటుందో నీకే తెలుసు, నేను ఇంత, నువ్వు ఇంత. బట్టీ పట్టిన ప్రార్థన మా వాడు మొదటి వాక్యంలోనే కనిపెట్టేస్తాడు. అక్క మాటల్లా ఉన్నాయే అని రాసి నీ ముఖం మీద పెడతాడు.

వాడి సంగతి నాకు తెలియదా! వాడికి పదేళ్లప్పుడు నేను హాస్టల్ నుంచి రాసిన ఉత్తరాలు ఎర్ర పెన్సిల్‌తో దిద్ది తిరిగి నాకే పంపిన ఘనుడు. ఒకసారి "ఇక్కడ నేను దిగులుగా ఉంది" అని రాశాను. దాని కింద గీత గీసి, "అక్కా, నేను దిగులుగా ఉన్నాను అనాలి, లేదా నాకు దిగులుగా ఉంది అనాలి" అని రాశాడు. దిగులు ఎందుకో మాత్రం అడగలేదు. అప్పటి నుంచే వాడికి దిద్దుబాటు దొర అని పేరు పెట్టాను.

నాకు తోచింది చెబుతాను. ప్రెస్సు పని ఇంటికి తెచ్చుకున్నప్పుడు నువ్వు రాతప్రతి పైకి చదువుతావు, వాడు ప్రూఫు చూసుకుంటూ దిద్దుతాడు. నేను వచ్చినప్పుడల్లా చూశాను కదా, భార్యాభర్తలు మీరు ఎక్కువగా మాట్లాడుకునేది అప్పుడే. అలాగే చెయ్యి. ప్రార్థన వాణ్ణి రాయమను. నువ్వు చదువు. మాటలు వాడివి, గొంతు నీది. దేవుడు ఇద్దర్నీ గుర్తుపడతాడులే.

గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే నువ్వు బయట కూర్చుని ఏడవకు. తలుపు కొట్టు. గట్టిగా కొట్టు. నీ కొట్టుడు పిచ్చుక ముక్కుతో పొడిచినట్టు ఉంటుంది.

మీ వదిన


వంటగది బల్ల దగ్గర్నుంచి,
పదో వారం, బుధవారం

వదినగారికి,

తలుపు కొట్టాను. రెండోసారి గట్టిగానే కొట్టాను. తీశారు. మీరు చెప్పినట్టే అడిగాను. ప్రెస్సు కాగితం ఒకటి తీసుకుని రాయడం మొదలుపెట్టారు.

మొదటి రోజు ఏమైందో చెబితే మీరు నవ్వుతారు. ప్రెస్సు పనిలో పైకి చదివేవాళ్లు ప్రతి గుర్తూ చదవాలి కదా, కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా అని. నాకది ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన చేతిరాత చూడగానే నోరు దానంతట అదే "ప్రభువా కామా, ఈ దినమంతయు మమ్మును కాచితివి ఫుల్‌స్టాపు" అని చదివేసింది. నాలుక కరుచుకుని కళ్లెత్తి చూస్తే ఆయన భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను. నవ్వు వదినా. చప్పుడు లేని నవ్వు. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి.

ఎనిమిది రోజులు అలాగే సాగింది. ఏడింటికి ఆయన కాగితం ఇస్తారు, నేను చదువుతాను, ఇద్దరం తలవంచుకుంటాం. ఆమెన్ కూడా నేనే అంటాను. ఇక దారిన పడ్డాం అనుకున్నాను.

తొమ్మిదో రోజు కాగితంలో ఒక వాక్యం ఉంది. "ఈ ఇంటి విషయాలలో నీ మాట వినకుండా నేను ఏ అడుగూ వేయలేదు." నేను "ఈ ఇంటి విషయాలలో" దాకా చదివి ఆగిపోయాను. చేతిరాత అర్థం కాలేదనుకుని ఆయన పెన్సిల్ మొనతో మాట మాటా చూపించారు. కళ్లద్దాలు మసగ్గా ఉన్నాయని అబద్ధం చెప్పి లేచిపోయాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఆయన తోడబుట్టినవారు కాబట్టి మీకు కష్టంగా ఉంటే క్షమించండి.

మా అమ్మ చివరి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పంతొమ్మిదేళ్లయింది. మూడో అంతస్తులో అద్దెగది, మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కలేని పరిస్థితి. "మీ వెనక గది చాలమ్మా, కిటికీ ఒకటి ఉంటే చాలు" అని రాసింది. నేను ఆ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ప్రార్థన చేద్దాం అన్నారు. మూడు సాయంత్రాలు ఆ విషయమే చెప్పుకున్నారు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం ప్రార్థనలోనే, "ప్రభువా, ఇది సమయం కాదని నీవు స్పష్టంగా చెప్పావు, నీకు వందనం" అన్నారు. నేనేమన్నాను? ఆమెన్ అన్నాను. నాలుగు నెలలకి అమ్మ ఆ మెట్ల మీదే పడి చనిపోయింది.

ఆయన అబద్ధం చెప్పారని నేను ఎప్పుడూ అనుకోలేదు. దేవుడే వద్దన్నాడనుకున్నాను. మా అమ్మని దేవుడే వద్దన్నాక నేను ఆ దేవుడితో ఏం మాట్లాడను వదినా? ఆ రోజు నుంచి నా ఆమెన్ పెదవుల మీదిదే. ఆ మొదటి సాయంత్రం నోరు తెరిచినా మాట రాకపోవడానికి కారణం ఇదేనేమో. పంతొమ్మిదేళ్లు నేను దేవుడితో మాట్లాడలేదు. పక్కన కూర్చున్నానంతే.

మీరు ప్రార్థనలో పెద్దవారు. ఒక్కటి చెప్పండి. దేవుడు వద్దన్నాడని మనిషికి ఎలా తెలుస్తుంది? మీ తమ్ముడికి ఆ రోజు ఎలా తెలిసింది?

మీ మరదలు


కుట్టుగది,
గురువారం

గువ్వా,

ఇక్కడ ఒకటే ముసురు. స్కూలు యూనిఫారాలు రెండు వందలు కుట్టివ్వాలి, నడుం పట్టేసింది. కళ్లకి కూడా సూదిబెజ్జం సరిగ్గా ఆనడం లేదు. మెడ గుడ్డలు ఇంకో డజను పంపుతున్నాను, ఈసారి నీలం రంగు.

పాత సంగతులు ఎక్కువగా తవ్వుకోకు. అన్నీ ఆ పైవాడికి తెలుసు.

వాడికి గోరువెచ్చని పాలు ఇవ్వు.

మీ వదిన


వంటగది బల్ల దగ్గర్నుంచి,
పన్నెండో వారం, ఆదివారం మధ్యాహ్నం

వదినగారికి,

గుడ్డలు అందాయి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను అడిగినదానికి అందులో జవాబు లేదు. మీరు ఏ ఉత్తరంలోనూ పాలు ఇవ్వమని రాసేవారు కాదు, ఆయనకి పాలు పడవని మీకు తెలుసు. నా ప్రశ్న మిమ్మల్ని నొప్పించిందేమో అని ఆలోచించాను. ఆలోచిస్తూ నాకు నేనే ఒక నిర్ణయానికి వచ్చాను. దేవుడు చెప్పింది మనిషికి ఎలా తెలుస్తుందో నాకు తెలీదు. కానీ మనిషి దాచుకున్నది దేవుడికి చెప్పకుండా ఆయన మాట కోసం చెవి పెట్టుకుని కూర్చోవడం తగదు అనిపించింది.

మొన్న గురువారం ఏడింటికి ఆయన కాగితం చాచారు. నేను తీసుకోలేదు. "ఇవాళ నేను చేస్తాను" అన్నాను. కళ్లు మూసుకున్నాను. ఈసారి మాట వచ్చింది. అందంగా రాలేదు. సంత బజారులో సంచీ తెగి సరుకులన్నీ కిందపడ్డట్టు వచ్చింది.

"ప్రభువా, నాకు నీ మీద కోపం. మా అమ్మని నువ్వు వద్దన్నావని నా భర్త చెప్పాడు. నేను ఆమెన్ అన్నాను. ఆ ఆమెన్ నిజం కాదు. నా మనసు వద్దు వద్దు అని అరిచింది, నోరు ఆమెన్ అంది. అమ్మకి ఒక కిటికీ కావాలంతే. మన ఇంట్లో ఆ గది ఇప్పటికీ ఉత్తినే పడి ఉంది. పాత కాగితాల కట్టలు తప్ప ఎవరూ లేరు. నువ్వెందుకు వద్దన్నావో..."

అంతవరకే చెప్పగలిగాను. బోర్డు మీద పెన్ను కీచుమని వినిపించింది. ఆయన ఏదో రాస్తున్నారు. అమ్మ గురించే అనుకున్నాను. పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక్క మాట రాస్తున్నారు అనుకుని కళ్లు తెరిచాను. బోర్డు మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను.

"‘మన’ కాదు, ‘మా’. దేవుడితో మాట్లాడేటప్పుడు ‘మా ఇంట్లో’ అనాలి. ‘మన’ అంటే దేవుడు కూడా ఈ ఇంటి మనిషి అయిపోతాడు."

వదినా, నేను ఎప్పుడైనా గొంతు పెంచగా విన్నారా? ఆ రోజు పెంచాను. "మా అమ్మ చచ్చిపోయిన సంగతి చెబుతుంటే మీకు అచ్చుతప్పు కనపడిందా? నేనేమన్నా ప్రూఫునా దిద్దడానికి?" అన్నాను. చేతిలో ఉన్న కళ్లద్దాలు బల్ల మీద విసిరాను. వంటగదిలోకి వచ్చి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

అన్నీ కడగడం అయ్యేదాకా ఆయన రాలేదు. నేను వెళ్లి చూసేసరికి అదే కుర్చీలో ఉన్నారు, బోర్డు ఒళ్లో ఉంది. పైదంతా తుడిచేశారు. "దేవుడు కూడా ఈ ఇంటి మనిషి" అన్నంతవరకే ఉంచారు. దాని కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది:

"అప్పుడు నేను ఈ ఇంటి మనుషులను ఎవరినీ అడగలేదు."

నాకు చాలాసేపటికి గానీ తలకెక్కలేదు. "మూడు రోజులు ప్రార్థన చేశారు కదండీ, ఆ జవాబు దేవుడిది కాదా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు. "మరి ఎవర్ని అడిగారు?" అన్నాను. బోర్డు బోర్లా తిప్పేశారు.

కానీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకోలేదు. నా పీట దగ్గరికి వచ్చి, కింద నేల మీద కూర్చున్నారు.

నా మనసులో ఏముందో మీకు చెప్పాలి. ఆయన మీద కోపం పోలేదు. కానీ దేవుడి మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలీదు. దేవుడు వద్దనలేదని తెలిసింది కదా. పంతొమ్మిదేళ్లు దేవుడు అనని మాటకి ఆయన మీద అలిగి కూర్చున్నాను. దాని గురించి తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది, ఊరటగానూ ఉంది. పొరపాటున నోట్లోంచి వచ్చిన ఆ ‘మన’ గురించి ఆలోచిస్తున్నాను. దేవుడు అమ్మని బయట నిలబెట్టినవాడు కాదు, ఇన్నాళ్లూ మాతో పాటు ఈ ఇంట్లోనే ఉండి, ఎవరూ తనని పలకరించక ఊరుకున్నవాడు. అలా అనిపిస్తోంది.

మీ మరదలు


నా గదిలోంచి,
మంగళవారం

గువ్వా,

వాడు అడిగింది నన్ను.

ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇక చింపను. ఎలా వస్తే అలా రాస్తాను, నువ్వు చదివి వాడికి కూడా చూపించు. ఈ సంగతి నీకు చెప్పనని నాకు మాటిచ్చాడు కాబట్టి వాడు నోరు విప్పలేదు. గొంతు ఉన్నప్పుడూ విప్పలేదు, పోయాకా విప్పలేదు. ఆ మాట నుంచి వాణ్ణి ఇప్పుడు వదిలేస్తున్నాను.

మీ అమ్మ ఉత్తరం వచ్చిన వారం వాడు నాకు రాశాడు. "అక్కా, అత్తయ్యని తెచ్చుకుందామని ఉంది, నువ్వేమంటావు" అని. తెచ్చుకుందామని ఉంది అనే రాశాడు. నేను వద్దన్నాను. నాలుగు పేజీలు రాశాను. ఒకసారి వచ్చినావిడ మళ్లీ వెళ్లదని, ఇల్లు ఆవిడదైపోతుందని, నీ భార్య నీకు మిగలదని. ఎన్ని మాటలో! చివర, "ఇది సమయం కాదు" అని రాశాను. నీ ఉత్తరంలో ఆ మాట చదవగానే నా చేతిలోంచి కత్తెర జారిపోయింది. నా మాటని వాడు దేవుడి మాటగా నీకు వినిపించాడని నాకు అప్పటిదాకా తెలీదు. నా అక్షరాలే, గువ్వా. అచ్చుతప్పు కూడా లేకుండా.

ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. మా ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఈ ఇంట్లో సాయంత్రమైతే గోడలు దగ్గరికి వచ్చేవి. ఎప్పటికైనా మీ వెనక గదిలోకి వచ్చేద్దామని నాలో నేను అనుకునేదాన్ని. మంచం ఎటు వెయ్యాలో, మిషను కిటికీ కింద పట్టుతుందో లేదో కూడా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ గది మీ అమ్మకి వెళ్లిపోతుందని భయమేసింది. అంతే. వేరే కారణం లేదు.

తర్వాత ఆవిడ అలా పోయారు. ఇక ఏ ముఖం పెట్టుకుని ఆ గదిలోకి వస్తాను? రమ్మని నువ్వే ఎన్నిసార్లు రాశావో. పని ఉంది, పని ఉంది అన్నాను. వచ్చినా రెండు రోజులు వసారాలో పడుకుని వెళ్లిపోయేదాన్ని, గుర్తుందా? గాలి బాగుంటుందని చెప్పేదాన్ని.

పదిమందిలో ప్రార్థన చెయ్యగలిగినవారు అని రాశావు. చేస్తాను. అందరి కోసం చేస్తాను. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి వెళ్లిపోతాను. పోయినసారి నీకు పాలు, ముసురు అని రాసినట్టే, దేవుడికి కూడా ఇన్నేళ్లూ పాలు, ముసురు అనే చెబుతున్నాను.

వాణ్ణి తిట్టకు. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు. ఆ తప్పు నాది.

వదిన అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.


వెనక గది కిటికీ దగ్గర్నుంచి,
పదహారో వారం, శనివారం

వదినగారికి,

వదినగారికి అనే రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి. మూడు వారాలుగా నేను మీకు రాయలేదు, రాయలేకపోయాను. మీ మీద కోపంతో గిన్నెలు ఎన్నిసార్లు కడిగానో ఆ దేవుడికే తెలుసు. అమ్మ కిటికీ అడిగింది, మీరూ అదే కిటికీ కింద మిషను వేసుకుందామనుకున్నారు. ఒకరు నా ద్వారా ఆయన్ని అడిగారు, ఒకరు అసలు అడగలేదు. అడిగి ఉంటే ఆ గదిలో రెండు మంచాలు పట్టేవి. ఇవాళ కొలిచి చూశాను. పడతాయి.

మొన్న పరీక్ష చేశారు. ఇప్పటికి ఏమీ లేదన్నారు. మళ్లీ ఆరు నెలలకి రమ్మన్నారు.

మీ ఉత్తరం దీనితో పాటు వెనక్కి పంపుతున్నాను. కోపంతో కాదు. చూస్తే మీకే తెలుస్తుంది.

మీరు చెప్పినట్టే ఆయనకి చూపించాను. బల్ల దగ్గర కూర్చుని చదివారు. చదివి, అలవాటు పోదు కదా, ఎర్ర పెన్సిల్ తీశారు. "పట్టుతుందో" అన్నచోట "పడుతుందో" అని దిద్దారు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. కానీ ఆయన పెన్సిల్ కింద పెట్టలేదు. కిందికంటా వెళ్లి, "ఆ తప్పు నాది" అన్నచోట ఆగారు. ‘నాది’ కొట్టేసి, పక్కన మార్జిన్‌లో ‘మాది’ అని రాశారు. కాగితం నా వైపు జరిపి, తల వంచుకుని కూర్చున్నారు.

ఆ ‘మా’లో నేను లేను. అది మీ అక్కాతమ్ముళ్లది. నన్ను దాంట్లోంచి తప్పించాలనే ఆయన అలా రాశారు, నాకు తెలుసు. ఇన్నాళ్లూ నన్ను అడగకుండా వదిలేసిన మనిషి, నా తప్పు లేదని నన్ను వదిలేయడం అదే మొదటిసారి. అలాగే ఉంచేద్దామనుకున్నాను. నాలుగు రోజులు ఆ కాగితం బల్ల మీదే ఉంది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు చూస్తున్నాను.

ఐదో రోజు ఆయన ప్రెస్సుకి వెళ్లాక నేనే పెన్సిల్ తీసుకున్నాను. జీవితంలో మొదటిసారి నేను ప్రూఫు దిద్దాను వదినా. ‘మాది’ కొట్టేసి ‘మనది’ అని రాశాను. గీత వంకరగా వచ్చింది, చూడండి.

తప్పంతా నెత్తిన వేసుకోవాలని కాదు. మీరు చేసింది మీరు చేశారు, ఆయన చేసింది ఆయన చేశారు. నేనూ ఒకటి చేశాను. ఆ సాయంత్రం నాకు నోరు ఉంది, గొంతు ఉంది. "ఏమండీ, నా మనసు ఒప్పుకోవడం లేదు, ఇంకోసారి అడుగుదాం" అనుంటే ఆయన వినేవారేమో. వినేవారు కాదేమో. ఆ మాట అనే అవకాశం నేను ఆయనకీ ఇవ్వలేదు, దేవుడికీ ఇవ్వలేదు. ఆమెన్ అని మూత పెట్టేశాను. పెళ్లయినవాళ్లు ఇద్దరూ కలిసి దేవుడి మాట వెతుక్కోవడం అంటే ఒకరు వెతకడం, ఇంకొకరు ఒప్పుకోవడం అనుకున్నాను. అది వెతకడం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ‘మనది’లో దేవుడు ఉన్నాడా లేడా అని ఆయన బోర్డు మీద అడిగారు. తప్పు కదా, తప్పులో దేవుణ్ణి ఎలా కలుపుతాం అని. నాకు చదువు తక్కువ. "తప్పు చేసింది మనమే. కానీ మనం అందులో కూర్చున్నన్నాళ్లూ ఆయన బయటికి వెళ్లిపోలేదు కదండీ" అన్నాను. ఆయన దాన్ని దిద్దలేదు.

నిన్న సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు రోజూ నేనే పైకి చేస్తున్నాను. కామాలు చదవడం లేదు. ఆమెన్ వంతు ఆయనది. గొంతు లేదు కాబట్టి కుర్చీ చేతి మీద వేలి కణుపుతో ఒకసారి తడతారు. అదే ఆయన ఆమెన్. నిన్న మీ గురించి చెప్పుకున్నాను. "ప్రభువా, వదినని నేను క్షమించాను" అని ముగించి ఆగాను. తట్టిన చప్పుడు రాలేదు. కళ్లు తెరిచాను. ఆయన బోర్డు పైకెత్తి పట్టుకున్నారు.

"నిజమేనా?"

ఇరవై ఆరేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి. నిజం చెప్పాను. "ఇంకా లేదండీ. అవ్వాలని ఉంది" అన్నాను.

ఆయన తుడిచి మళ్లీ రాశారు. "అయితే ఆగుదాం."

ఇద్దరం అలాగే కూర్చున్నాం. కుళాయి బాగుచేయించాం కాబట్టి చుక్కల చప్పుడు కూడా లేదు. అంత నిశ్శబ్దంలో నాకు భయం వెయ్యలేదు. ఎవరో మూడో మనిషి కూడా మాతో పాటు తొందరపడకుండా కూర్చున్నట్టు అనిపించింది.

ఇవాళ పొద్దున్నుంచి ఇద్దరం ఈ గది ఖాళీ చేస్తున్నాం. కట్టలన్నీ బయటికి పోయాయి. కిటికీ రెక్క బిగుసుకుపోతే ఆయన సబ్బు రాసి తెరిచారు. మిషను దీని కింద సరిగ్గా పడుతుంది, అరంగుళం మిగులుతుంది కూడా.

క్షమించాను అని ఈ ఉత్తరంలో రాయడం లేదు. రాస్తే మళ్లీ పెదవుల ఆమెన్ అవుతుంది. మీరు వచ్చెయ్యండి. ఏడింటికి మాతో పాటు కూర్చోండి. ఎన్ని రోజులు పడుతుందో తెలీదు, పోనీ. అది నిజమైన రోజు నేను చెబుతాను, మీ తమ్ముడు తడతారు, మీరు పైకి ఆమెన్ అనండి.

అప్పటిదాకా మన ఇంట్లో ఆ ఆమెన్ అనకుండా ఉంచుతాం.

గువ్వ